నూనె కారే ఇంజనుకి పైపూతల వైద్యం

పాత కార్ల మోజున్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఒక ఛలోక్తి తప్పకుండా వినబడుతుంది. "బండి కింద నూనె చుక్క కనబడితే కంగారు పడకు, కనబడకపోతేనే కంగారు పడు. ఇంజనులో నూనె అయిపోయిందన్నమాట!" నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. అయితే ఈ ఛలోక్తినే వేదవాక్కుగా పట్టుకుని, ఏళ్ళ తరబడి బండి కింద అట్టముక్క పరిచి రోజులు వెళ్ళదీసేవాళ్ళు నాకు తెలుసు. ఒక్క చుక్క కనబడగానే ట్యూబుడు సిలికాన్ సీలంటు కొనుక్కొచ్చి కనబడ్డ ప్రతి సందులోనూ దట్టించేవాళ్ళూ తెలుసు. చూడడానికి ఈ రెండు రకాలవాళ్ళూ ఉత్తర దక్షిణ ధ్రువాల్లా ఉంటారు గాని, నా దృష్టిలో ఇద్దరూ ఒకటే. ఆ చుక్క ఎందుకు కారుతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఇద్దరికీ లేదు.

ఈ వ్యాసంలో నేను వాదించదలుచుకున్నవి రెండు విషయాలు. మొదటిది, నూనె కారడం రోగం కాదు, రోగలక్షణం. దాన్ని ఆపడం కంటే ముందు చదవడం నేర్చుకోవాలి. రెండవది, దెబ్బతిన్న ఇంజను కేసుని బాగుచేయించాలా, పక్కన పెట్టాలా అన్న నిర్ణయం కొలతలు చూసి తీసుకోవాలి గాని, మమకారం చూసి కాదు. సాఫ్ట్‌వేరులో బతికే మనకి ఈ రెండూ కొత్త సంగతులేం కావు. కాని, తెర మీద కనబడే బగ్గు విషయంలో మనం పాటించే క్రమశిక్షణ, గ్యారేజీలో కనబడే నూనె మరక దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికో ఎగిరిపోతుంది. అదే నా ఫిర్యాదు.

ఏ ఇంజను సంగతి ఇది?

పాత కార్లంటే వెయ్యి రకాలు. అన్నిటికీ వర్తించేలా మాట్లాడితే దేనికీ వర్తించకుండా పోతుంది కాబట్టి, నాకు బాగా తెలిసిన ఒక్కదాన్నే తీసుకుంటాను: గాలితో చల్లబడే ఫోక్స్‌వాగన్ బీటిల్. నా దగ్గర ఉన్నది 1971 మోడలు, 1600 సీసీ ఇంజను. 2003 జులై 30న మెక్సికోలోని ప్వేబ్లా కర్మాగారంలో చివరి బండి బయటికి వచ్చేసరికి మొత్తం 2,15,29,464 బీటిళ్ళు తయారయ్యాయి. ఇన్ని తయారయ్యాయి కాబట్టే విడిభాగాలు ఇవాళ్టికీ దొరుకుతున్నాయి. ఈ ఇంజనుకి ఎక్కడ ఏ జబ్బు చేస్తుందో కూడా అందరికీ తెలిసిపోయింది.

ఈ ఇంజను కట్టుబడి కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. నాలుగు సిలిండర్లు, రెండు ఎడమవైపు, రెండు కుడివైపు పడుకుని ఉంటాయి. మధ్యలో ఉండే ఇంజను కేసు కొబ్బరికాయ చిప్పల్లాగ రెండు ముక్కలు. ఈ రెండు ముక్కల మధ్య క్రాంకు, దాని కింద కామ్ ఇరుక్కుని కూర్చుంటాయి. చిప్పల మధ్య గ్యాస్కెట్టు, అంటే మన మెకానిక్కులు "ప్యాకింగు" అనేది, ఉండదు. నున్నగా కోసిన లోహం మీద లోహం, మధ్య పలచటి పూతగా సీలంటు, అంతే. మెయిన్ బేరింగుల చుట్టూ ఆరు పెద్ద స్టడ్లు, అంచుల వెంబడి బోలెడన్ని చిన్న స్టడ్లు, బోల్టులు కలిసి రెండు చిప్పల్నీ బిగించి పట్టుకుంటాయి.

ఇక అసలు ప్రాణమైన నూనె ఎంత ఉంటుందనుకున్నారు? రెండున్నర లీటర్లు. ఫిల్టరు ఉండదు, అడుగున ఒక తీగ జల్లెడ మాత్రమే. నీళ్ళ రేడియేటరు లేదు కాబట్టి, గాలితో పాటు ఇంజను వేడిని మోసుకుపోయే పని కూడా ఈ నూనెదే. ఆధునిక కారులో అర లీటరు నూనె తగ్గితే పెద్దగా తెలియదు. ఇక్కడ అర లీటరంటే మొత్తంలో ఐదో వంతు!

అంచేత "కొంచెం కారుతుంది, ఫరవాలేదు" అన్నమాట ఈ బండి విషయంలో చెల్లదు. పైగా, కారిన నూనె ఊరికే నేల మీద పడి పోదు. సిలిండర్ల రెక్కల మీద పూతలా పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది, ఆ మడ్డి ఇంజనుకి కంబళి కప్పినట్టు వేడిని బయటికి పోనివ్వదు. ఇంజను మరింత వేడెక్కుతుంది, సీళ్ళు మరింత గట్టిపడి పగులుతాయి, నూనె మరింత కారుతుంది. ఇంకో సంగతి. చలికాలంలో ఈ బండి క్యాబిన్లోకి వచ్చే వెచ్చటి గాలి, ఇంజను గదిలోంచి ఫ్యాను పీల్చి, ఎగ్జాస్టు గొట్టాల చుట్టూ తిప్పి పంపినదే. ఇంజను గదిలో నూనె పొగ ఉంటే, వెనక సీట్లో పిల్లలు పీల్చేది కూడా ఆ పొగనే. ఒక గాలను వాడేసిన నూనె పది లక్షల గాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే లెక్క కూడా ఉండనే ఉంది. వాన పడ్డప్పుడు మన డ్రైవ్‌వే మీది మరక ఎక్కడికి పోతుందో ఆలోచించండి.

చుక్క ఏ ఊరిది?

నూనె కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. అంచేత చుక్క రాలిన చోటు, నూనె పుట్టిన చోటు ఒకటి కావు. లాగ్ ఫైలులో ఆఖరి పంక్తి చూసి కారణం తేల్చేసేవాడిని మనం ఎంత మర్యాదగా చూస్తామో తెలుసు కదా? చుక్క కింద స్పానరు పెట్టేవాడూ అంతే.

సరైన పద్ధతిలో గొప్ప రహస్యమేమీ లేదు. ముందు ఇంజనుని శుభ్రంగా కడగాలి. మడ్డి పట్టిన ఇంజను మీద దర్యాప్తు జరగదు. తర్వాత నూనెలో అతినీల కాంతికి మెరిసే రంగు కొంచెం కలిపి, ఓ ఇరవై నిమిషాలు బండి తిప్పి, చీకట్లో ఆ దీపం వేసి చూడాలి. రంగు దొరకకపోతే, ఆరిన ఇంజను మీద పౌడరు చల్లినా సరే, తడిసిన గీత దానంతటదే కనబడుతుంది. పైనుంచి మొదలుపెట్టి కిందికి చూసుకుంటూ రావాలి. తడి ఎక్కడ మొదలయిందో ఆ చోటే నేరస్థలం.

బీటిల్లో అనుమానితుల జాబితా చిన్నదే. పుష్‌రాడ్లను మోసే గొట్టాలు ఎనిమిది, వాటికి రెండేసి చొప్పున సీళ్ళు పదహారు. ఈ గొట్టాల చివరలు హార్మోనియం తిత్తిలా ముడతలు పడి ఉంటాయి. బిగించేముందు వాటిని 190 నుంచి 191 మిల్లీమీటర్ల పొడవుకి సాగదీసి, అతుకు పైవైపుకి వచ్చేలా పెట్టాలి. సాగదియ్యకుండా పెడితే కొత్త సీలు కూడా మొదటిరోజు నుంచే కారుతుంది. ఆయిల్ కూలరు కింద ఉండే సీళ్ళలో 8 మిల్లీమీటర్ల రంధ్రాలవీ, 10 మిల్లీమీటర్ల రంధ్రాలవీ అని రెండు రకాలు. కేసు ఒక రకం, కూలరు ఇంకో రకం అయితే, రెంటినీ కలిపే మూడో రకం సీలు వాడాలి. ఇది తెలియక, దొరికిన సీలు పెట్టి పైన గమ్ము పూసిన ఇంజన్లు కోకొల్లలు. అడుగున జల్లెడ పలకని పట్టుకునే ఆరు చిన్న నట్లకి కావలసిన బిగువు 5 అడుగు-పౌండ్లు మాత్రమే. కారుతోంది కదాని కసిగా బిగిస్తే నూనె ఆగదు సరికదా, స్టడ్డు ఊడి చేతికొస్తుంది.

ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య నుంచి కారితే ముందు వాసన చూడండి. గేరు నూనెకి గంధకం కంపు ఉంటుంది, ఇంజను నూనెకి ఉండదు. ఈ ముక్కుపరీక్షకి ఖర్చు సున్నా. ఇది చెయ్యకుండా ఇంజను దింపి, ఫ్లైవీలు సీలు మార్చి, తీరా చూస్తే కారేది గేర్‌బాక్సు సీలు అని తేలిన ఉదంతాలు నేను వింటూనే ఉంటాను.

సీళ్ళన్నీ మార్చినా ఆగకపోతే?

ఇక్కడే నా వాదనకి అసలు బలం ఉంది. కొన్నిసార్లు సీలు తప్పేమీ ఉండదు.

ఉదాహరణకి, క్రాంకు వెనక చివర, పుల్లీ ఉన్న చోట, ఈ ఇంజనుకి అసలు సీలే లేదు. నూనెని విసిరికొట్టే ఒక రేకు బిళ్ళ, పుల్లీ మెడ మీద నూనెని వెనక్కి తిప్పి పంపే మర, అంతే. ఇంజను ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఇది చక్కగా పనిచేస్తుంది. పిస్టను రింగులు అరిగిపోయాయనుకోండి. మండిన వాయువులు రింగుల్ని దాటి కేసులోకి దూరి ఒత్తిడి పెంచుతాయి. ఆ ఒత్తిడి తన దారి తాను వెతుక్కుంటుంది. పుల్లీ దగ్గర నూనె కక్కుతుంది. అక్కడ ఎంత గమ్ము పూసినా ఏం లాభం? రింగుల జబ్బుకి పుల్లీకి పట్టీ వేసినట్టే. ముందు చూడవలసింది గాలి పీల్చుకునే బ్రీదరు గొట్టం మూసుకుపోయిందా అని. తర్వాత చెయ్యవలసింది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టనుని పైకి తెచ్చి, స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పంపి చెవి ఒగ్గి వినాలి. ఎగ్జాస్టులోంచి బుస వినబడితే ఎగ్జాస్టు వాల్వు, కార్బురేటరులోంచి వినబడితే ఇన్‌టేకు వాల్వు, నూనె పోసే మూతి దగ్గర వినబడితే రింగులు. ఇంతకంటే సూటిగా జవాబు చెప్పే డీబగ్గరుని నేను కంప్యూటర్లో కూడా చూడలేదు.

రెండో ఉదాహరణ ఫ్లైవీలు వెనక ఉండే సీలు. క్రాంకు ముందుకీ వెనక్కీ కదిలే ఖాళీ 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, 0.15 దాటితే హద్దు మీరినట్టే. దీన్ని మూడు పలచటి ఉక్కు బిళ్ళలతో సరిచేస్తారు, ఎప్పుడూ మూడే. డయల్ గేజీ పెట్టి పుల్లీని పట్టుకుని లాగి తోస్తే ఐదు నిమిషాల్లో ఈ కొలత తెలిసిపోతుంది. ఇది బాగా ఎక్కువైందంటే క్రాంకు సుత్తిలా మొదటి బేరింగుని కొడుతోందన్నమాట, ఆ బేరింగుని మోసే కేసు గూడు అరిగిపోతోందన్నమాట. ఊగుతున్న ఇరుసు మీద ఏ సీలు నిలుస్తుంది? కొత్త సీలు వేసినా కొన్నాళ్ళకి మళ్ళీ కారుతుంది. ఇక్కడ చుక్క మనకి చెబుతున్న కబురు సీలు గురించి కాదు, కేసు గురించి.

మెగ్నీషియం కథ

ఈ కేసు ఇనుముతో చేసింది కాదు, మెగ్నీషియం మిశ్రలోహం. మెగ్నీషియం సాంద్రత 1.74, అల్యూమినియంది 2.7. బండి వెనక భాగంలో వేలాడే ఇంజనుకి ఈ తేలికదనం పెద్ద వరం. కాని, ఏ వరమూ ఉచితంగా రాదు. వేడి ఎక్కువైతే మెగ్నీషియం నెమ్మదిగా, శాశ్వతంగా సాగుతుంది. దీన్ని తగ్గించడానికి తర్వాతి రోజుల్లో ఏఎస్41 అనే మిశ్రమం వాడారు. సుమారు నాలుగు శాతం అల్యూమినియం, ఒక శాతం సిలికాన్ అని ఆ పేరులోనే ఉంది. ఆ అక్షరాలు కేసు మీదే అచ్చుపోసి ఉంటాయి.

వేడికి మెగ్నీషియం, అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తాయి. సిలిండరునీ, దాని మీది అల్యూమినియం హెడ్డునీ కేసుకి కట్టిపడేసేవి పొడుగాటి ఉక్కు స్టడ్లు. హెడ్డు వ్యాకోచించాలని చూస్తుంది, స్టడ్డు పోనివ్వదు, ఈ లాగులాటలో మెత్తటి మెగ్నీషియంలో కోసిన మర ఓడిపోతుంది. స్టడ్డు మరతో సహా పైకి లేచి వస్తుంది. సిలిండరు బిగువు పోతుంది, అక్కడి నుంచి నూనె, వాయువు రెండూ కారతాయి. దీనికి ఫోక్స్‌వాగన్ ఇంజనీర్లు కనిపెట్టిన పరిష్కారం నాకు ఎంతో ఇష్టం. 1970లలో వాళ్ళు 10 మిల్లీమీటర్ల స్టడ్లని లావు చెయ్యలేదు, 8 మిల్లీమీటర్లకి సన్నం చేశారు! సన్నటి స్టడ్డు రబ్బరు బ్యాండులాగ కొంచెం సాగి సర్దుకుంటుంది, మర మీద లాగుడు తగ్గుతుంది. బిగువు కూడా 23 అడుగు-పౌండ్ల నుంచి 18కి దించారు. కేసులో ఉక్కు మరగొట్టాలు దిగేశారు. సమస్య వచ్చిన ప్రతిచోటా ఇంకొంచెం బలం ప్రయోగిద్దామనుకునే మనస్తత్వానికి ఇంతకంటే మంచి సమాధానం ఉందా?

నా బండి నా చేతికి వచ్చినప్పుడు, అంతకు ముందే ఒక గ్యారేజీలో ఇంజను "పూర్తిగా పునర్నిర్మించారు" అని కాగితాల్లో ఉంది. ఇంజను కింద పడుకుని చూస్తే కేసు అతుకు పొడుగునా నారింజరంగు సిలికాన్ పుట్టింటి సారెలా పొంగిపొర్లుతోంది. బయటికి అంత పొంగిందంటే లోపలికి కూడా అంతే పొంగి ఉండాలి కదా? కేసు విప్పితే సరిగ్గా అదే కనబడింది. లోపలికి పొంగిన సిలికాన్ పేలికలు తెగి, నూనె పీల్చే జల్లెడకి అడ్డంపడి ఉన్నాయి. చుక్క ఆపబోయి ఇంజనుకి నూనే అందకుండా చేసే వైద్యం ఇది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇంత సిలికాన్ దేన్ని దాస్తోందయ్యా అని చూస్తే, మూడో సిలిండరు దగ్గర రెండు స్టడ్లు లేచిపోయి ఉన్నాయి, క్రాంకు ఖాళీ 0.30 మిల్లీమీటర్లుంది. పూత పూసినవాడికి ఈ సంగతులు తెలియవని నేననుకోను. తెలిసినా చెప్పకుండా ఉండడానికే పూత పనికొచ్చింది. మన వృత్తిలో వచ్చిన ప్రతి ఎర్రర్నీ పట్టుకుని ఏమీ చెయ్యకుండా మింగేసే కోడు రాసినవాడూ ఇదే పని చేస్తాడు. అప్పటికి పరీక్ష నెగ్గుతుంది. బిల్లు తర్వాతి యజమానికి వెళుతుంది.

అతకడమా? మార్చడమా?

కేసు దెబ్బలన్నీ ఒకటి కావు. నా అభిప్రాయంలో వాటిని మూడు తరగతులుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో తీర్పు చెప్పాలి.

మొదటిది, ఊడిన మరలు. ఇవి నిస్సందేహంగా బాగుచెయ్యదగినవి. పాడైన మరని తొలిచేసి, ఉక్కు మరగొట్టం దిగేసి, అందులో స్టడ్డు బిగిస్తే అసలు దానికంటే గట్టిగా ఉంటుంది. అయితే ఈ పని చేత్తో పట్టుకున్న డ్రిల్లుతో చెయ్యకూడదు. స్టడ్డు ఒక డిగ్రీ వంకరపోయినా సిలిండరు వంకరపోతుంది. మెషిన్ షాపుకి ఇవ్వండి. అక్కడికి వెళ్ళినప్పుడు లేచినవాటికే కాకుండా పదహారింటికీ వేయించండి. రెండు ఊడాయంటే మిగతా పద్నాలుగు వరసలో నిలబడి ఉన్నాయనే అర్థం.

రెండవది, అరిగిన బేరింగు గూళ్ళు. రెండు చిప్పల్నీ బిగించి, గూళ్ళన్నిటినీ ఒకే సరళరేఖలో మళ్ళీ తొలుస్తారు. మొదటిసారి అర మిల్లీమీటరు పెద్దది చేస్తారు. అందుకు తగ్గ పెద్ద బేరింగులు దొరుకుతాయి. ఇది కూడా చెయ్యదగినదే. కాని, ఇది ఆదాయం లేని బ్యాంకు ఖాతా. తొలిచిన ప్రతిసారీ నిలవ తగ్గుతుంది. ఒకసారి తొలిచిన కేసుని రెండోసారి తొలవచ్చు. ఆ తర్వాత ఇంకా లాగాలనుకోవడం పిసినారితనమే అవుతుంది.

మూడవది, చీలిక. ఈ కేసులకి మూడో సిలిండరు వెనకభాగంలో చీలడం అందరికీ తెలిసిన రోగం. మొదట ఇది చిన్న నూనె చెమటలాగ కనబడుతుంది, ఫ్లైవీలు సీలు కారుతోందని అనుకుంటాం. ఇనుము చీలికని అయస్కాంతంతో పట్టుకోవచ్చు గాని, మెగ్నీషియానికి ఆ విద్య పనిచెయ్యదు. చీలికలోకి ఇంకే రంగు పూసి, తుడిచి, పైకి ఊరే గీతని చూడాలి. చీలికని అతకడం అసాధ్యం కాదు. ఆర్గాన్ కింద టిగ్ వెల్డింగుతో నేర్పరులు అతుకుతారు. అయితే అర్ధ శతాబ్దం పాటు లోహంలోకి ఇంకిన నూనె వేడికి బయటికి ఉబికివచ్చి అతుకుని పాడుచేస్తుంది. అతుకు నిలిచినా ఆ వేడికి కేసు వంగుతుంది కాబట్టి గూళ్ళు మళ్ళీ తొలవాలి. ఇంతాచేసి, చీల్చిన కారణం అక్కడే ఉంటుంది. అంచేత మామూలు బీటిల్ విషయంలో నా తీర్పు ఒకటే. చీలిన కేసుకి నమస్కారం పెట్టి పక్కన పెట్టండి. కొత్త అల్యూమినియం కేసులు దొరుకుతున్నాయి. కొంచెం బరువు పెరుగుతుంది, స్టడ్ల బెంగ తగ్గుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మెగ్నీషియం పొడి, సన్నటి రజను అంటుకుంటే ఆర్పడం కష్టం. నీళ్ళు పోస్తే హైడ్రోజను పుట్టి మంట ఇంకా లేస్తుంది. ఇంట్లో గ్రైండరు పెట్టి కేసుని రుద్దకండి. అతుకు పని ఆ లోహంతో అలవాటున్నవాళ్ళకే వదిలెయ్యండి.

"కేసు మారిస్తే దాని మీది అసలు నంబరు పోతుంది, బండి విలువ పోతుంది" అని కొందరు మిత్రులు అంటారు. అరుదైన బండ్ల విషయంలో అది న్యాయమైన మాటే. రెండు కోట్ల పై చిలుకు తయారైన బండికి మాత్రం అది చాదస్తం. ఆ రోజుల్లో కంపెనీయే పాత ఇంజను తీసుకుని, పునర్నిర్మించిన ఇంజను ఇచ్చి పంపేది. ఇంజనుని మార్చదగిన వస్తువుగానే వాళ్ళు ఊహించారు. బండి గుర్తింపు నంబరు వెనక సీటు కింద చాసిస్ మీద ఉంది, అది ఎక్కడికీ పోదు. నంబరు కోసం చీలిన కేసుని అంటిపెట్టుకునేవాడికీ, "ఇది మొదటి నుంచీ ఉన్న మాడ్యూలు, ముట్టుకోకండి" అనే మేనేజరుకీ పెద్ద తేడా లేదు.

గంటకి ఎంత?

ఇంతవరకు చదివిన మీలో చాలామందికి ఒక ప్రశ్న తయారుగా ఉంటుంది. "నా గంట ఖరీదు ఇంత, మెకానిక్కు గంట ఖరీదు అంత. నేనెందుకు కారు కింద దూరాలి?" ఈ లెక్కలో తప్పులేదు. నేను కూడా గూళ్ళు తొలిచే పని మెషిన్ షాపుకే ఇచ్చాను. ఆ యంత్రం నా గ్యారేజీలో లేదు, ఉండనక్కర్లేదు కూడా. కాని, ఈ లెక్క ఒక విషయం దాటేస్తుంది. పని ఇంకొకరికి అప్పగించవచ్చు గాని, తెలివిడిని అప్పగించలేం. క్రాంకు ఖాళీ ఎంతుందని అడగడం తెలిసిన యజమానికి గ్యారేజీలో వచ్చే జవాబు ఒకటి. "నూనె కారుతోందండీ" అని మాత్రమే చెప్పగలిగినవాడికి వచ్చే జవాబు ఇంకొకటి. ప్రాజెక్టుని బయటివాళ్ళకి అప్పగించినప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో మనకి వేరే చెప్పాలా?

ఇంకొక మాట. మనలో చాలామంది ఇంజనీర్లమే, కాని చేతికి మట్టి అంటని ఇంజనీర్లం. విజయవాడ ఆటోనగరులో పదో తరగతి దాటని మేస్త్రి ఇంజను శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెబుతాడు. ఆ విద్యని మనం "చిన్నపని" అని చూస్తూ పెరిగాం. రాబర్ట్ పిర్సిగ్ 1974లో అచ్చయిన తన "జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్" పుస్తకంలో మోటారుసైకిలు మరమ్మత్తుని ఆలోచనకి సంబంధించిన పనిగా చూపించాడు. ఆయన స్వయంగా కంప్యూటరు మాన్యువల్స్ రాసి బతికినవాడని గుర్తుచేసుకుంటే, ఆ పుస్తకం మనకోసమే రాసినట్టుంటుంది. అంతకు ముందు 1969లో జాన్ మ్యూర్ అనే ఇంజనీరు, ఏమీ తెలియనివాడు కూడా ఫోక్స్‌వాగన్‌ని బాగుచేసుకునేలా ఒక పుస్తకం రాశాడు. పీటర్ అష్వాండెన్ బొమ్మలతో ఉన్న ఆ పుస్తకం పట్టుకుని ఒక తరం అమెరికన్లు ఇంజన్లు దింపారు.

ఎవరి బండి?

ఇది కేవలం పాత బండ్ల ముచ్చటే అయితే ఇంత పొడుగు వ్యాసం అక్కర్లేదు. ఈ ఇంజనుని నేను విప్పి చూడగలగడానికి కారణం నా గొప్పతనం కాదు. కొలతలన్నీ బహిరంగంగా ఉన్నాయి. ఇవాళ్టి కార్లలో రోగం ఏమిటో చెప్పేది సాఫ్ట్‌వేరు. దానికి తాళం వేసేదీ సాఫ్ట్‌వేరే. ఆ తాళాలు రాసేవాళ్ళలో మనమూ ఉన్నాం. మాసచూసెట్స్ రాష్ట్రంలో 2012లో మరమ్మత్తు హక్కు మీద ప్రజాభిప్రాయం కోరినప్పుడు సుమారు 86 శాతం మంది ఔనన్నారు. కార్లు వైర్‌లెస్‌గా పంపే సమాచారం యజమానికి కూడా అందాలా అని 2020లో మళ్ళీ అడిగితే సుమారు 75 శాతం మంది ఔనన్నారు. కార్ల తయారీదారులు వెంటనే కోర్టుకెక్కారు. భద్రత కోసమే తాళాలు అన్నది వాళ్ళ వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. బ్రేకుల సాఫ్ట్‌వేరుని ఎవరు పడితే వాళ్ళు మార్చకూడదు. కాని, కొలత చదవడం వేరు, మార్చడం వేరు. చదివే హక్కు కూడా లేనప్పుడు యజమాని చెయ్యగలిగేది పైపూతలే. ఆ తేడా వివరించి చెప్పగల అర్హత ఈ దేశంలో ఎవరికైనా ఉందంటే మన వృత్తివాళ్ళకే ఉంది. మీ రాష్ట్రంలో ఇలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు నోరు విప్పండి.

ఈలోగా, వచ్చే శనివారం మీ బండి కింద ఒక శుభ్రమైన అట్ట పరవండి, అది కొత్త కారైనా సరే. చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీత గీసుకోండి. మర్నాడు పొద్దున్న చుక్కలేమైనా ఉంటే రంగు చూడండి, వాసన చూడండి, ఏ చక్రానికి ఎంత దూరంలో పడిందో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని గ్యారేజీకి వెళ్ళండి. సీలంటు ట్యూబు కొట్లోనే ఉంటుంది, తొందరేమీ లేదు.